రెండు ఎడమ చేతుల కోటు

ఫ్రిజ్ తలుపు తీసిన ఇల్లాలికి పాల ప్యాకెట్టు ఉండాల్సిన చోట కత్తెర కనిపించింది. వంటింటి కత్తెర అయితే సరేలే అనుకునేది. ఇది మోచేతి పొడవున్న కటింగ్ కత్తెర. టైలర్ షాపులో ఉండాల్సింది, టమాటాల పక్కన చల్లగా పడుకుని ఉంది.

"ఏమండీ, పాలెక్కడ?" అని అడిగింది.

మాస్టారు పేపర్లోంచి తలెత్తాడు. కత్తెర పెట్టుకునే తోలు సంచీ ఆయన కుర్చీకే వేలాడుతోంది. దాని అడుగు నుంచి తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఆ చుక్కలకేసి కాసేపు చూశారు. ఆవిడ పకపకా నవ్వేసింది. ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో తెలియాలంటే ఆ షాపు రూలు తెలియాలి. షాపు పెట్టింది మాస్టారి మామగారు. పెద్దాయన కుట్టిన కోటు వేసుకున్న వకీలు కేసు ఓడిపోయినా దర్జాగా ఓడిపోతాడని పేరు. ఆయన రూలు ఇది: ఏడాదిలో మూడు బట్టలు పాడుచేసినవాడు, ఎంతటి మొనగాడైనా సరే, కత్తెర దించేసి మూలనున్న స్టూలెక్కి కాజాలూ గుండీలూ కుట్టుకోవాలి. రూలు పెట్టేవాడికి అది తన మెడకే చుట్టుకుంటుందని ఎప్పుడూ తోచదు. ఒక ఏడాది పెద్దాయనే మూడు బట్టలు పాడుచేశాడు. పక్కనే నిలబడి లెక్కపెట్టింది అల్లుడు, అంటే మన మాస్టారే. "రూలు రూలే అల్లుడూ" అని పెద్దాయన తన కత్తెర తనే తెచ్చి అల్లుడి చేతిలో పెట్టి, మూలకెళ్ళి కూర్చున్నాడు. పోయేదాకా ఆ స్టూలు వదల్లేదు. ఫ్రిజ్‌లో దొరికింది ఆ కత్తెరే.

ఈ ఏడు మాస్టారి ఖాతాలో అప్పటికే రెండు పడ్డాయి. మొదటిది ఒక వకీలు కోటు. రెండు చేతులూ ఎడమ చేతులే కోసేశాడు. వకీలు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "నా చెయ్యెవరో వెనక్కి విరిచి పట్టుకున్నట్టుంది మాస్టారూ, బెయిలు ఇప్పించండి" అన్నాడు. రెండోది ఒక బ్యాంకు మేనేజరు ప్యాంటు. మనిషి ఆరడుగుల పైమాటే, ప్యాంటు మాత్రం పిక్కల దగ్గరే ఆగిపోయింది. ఇంకొక్కటి పాడైతే స్టూలే గతి. అప్పుడు కత్తెర ఎవరి చేతికి వెళ్తుంది? బావమరిది చేతికి. పెద్దాయన కొడుకు చేతికి.

మాస్టారి బాధంతా అక్కడే ఉంది. బావమరిది మంచివాడే, మిషను మీద కూర్చుంటే కుట్టు గీత గీసినట్టు వస్తుంది. కానీ కత్తెర పడితే బట్టకి నొప్పి పుడుతుందని మాస్టారి అభిప్రాయం. ఆ బావమరిది ఏడాది మొదలు పొద్దస్తమానం కటింగ్ టేబుల్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. మాస్టారు సుద్దతో గీత గీస్తే గీత వైపు, టేపు తీస్తే టేపు వైపు చూస్తాడు. అప్పుడప్పుడు గొంతు సవరించుకుని, "బావా, ఇంకొక్కటే" అంటాడు.

"నీ నోట్లో మన్ను పడ! పని చూసుకోరా" అంటాడు మాస్టారు.

"చూస్తున్నాగా బావా, నీ పనే చూస్తున్నా."

దీనికి తోడు మొన్నామధ్య మాస్టారు భార్యని తన అక్కయ్య పేరు పెట్టి పిలిచాడు. "ఆవిడ పేరు పెట్టారు, రేపు ఆవిడ పనులు కూడా నాకే పెడతారా?" అని ఆవిడ తేలిగ్గా తీసుకుంది. ఆయన తీసుకోలేకపోయాడు. కోటు, ప్యాంటు, పేరు, ఇప్పుడు పాలు. తన బుర్ర ఎక్కడో కుట్టు విడిపోతోందని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎదుటి మేడలోంచి మేడమ్ వచ్చింది. ఆ మేడ పూర్వం ఫర్నిచర్ గోదాము. ఈ మధ్య దానికి 'మనసు అధ్యయన కేంద్రం' అని బోర్డు కట్టారు. లోపల పిచ్చివాళ్ళుంటారని కొందరు, పిచ్చివాళ్ళకి చదువు చెబుతారని కొందరు అనుకున్నారు. మేడమ్‌ది మనస్తత్వ శాస్త్రం. కొత్త కోటుకి బట్ట తెచ్చింది. కొలతలు ఇస్తూ, "మేం మతిమరుపు మీద పని చేస్తున్నాం మాస్టారూ, మనుషులు దొరకడం కష్టంగా ఉంది" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారి చేతిలో టేపు జారిపోయింది.

"మా ఫ్రెండు ఒకాయన ఉన్నాడు మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. "కత్తెర తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడట. అలాంటివాళ్ళకి..."

"ఆ ఫ్రెండుకి కూడా టైలర్ షాపేనా?" అంది మేడమ్ నవ్వాపుకుంటూ. "మీరే రండి. మీ వయసువాళ్ళే మాకు కావాలి. మిగతా సంగతులు మావాళ్ళు లోపల చెబుతారు."

ఆ 'మావాళ్ళు చెబుతారు' అన్న మాటే మాస్టారి కొంప ముంచింది. అది తర్వాత సంగతి.

కర్టెన్లు కొలవడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, మాస్టారు వీధి దాటాడు. లోపల ఒకే ఒక పెద్ద గది. మధ్యలో పెద్ద బల్ల. నిజానికి అది ఒక బల్ల కాదు. ఆరు శాస్త్రాలవాళ్ళు ఎవరి పాత ఆఫీసు నుంచి వాళ్ళ బల్ల తెచ్చుకుని వరసగా కలిపారు. ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. టీ కప్పు పెడితే ఒక శాస్త్రంలోంచి ఇంకో శాస్త్రంలోకి జారిపోతోంది. ఎవరి బల్ల కాళ్ళూ కోయడానికి ఎవరూ ఒప్పుకోలేదట.

"మనసు ఏ ఒక్కరి సొత్తూ కాదు మాస్టారూ," అని మేడమ్ మొదలుపెట్టింది. "మనిషి ఎలా గుర్తుపెట్టుకుంటాడు, ఎలా మర్చిపోతాడు, అది నా చదువు. తలలో ఎక్కడ ఏం జరుగుతుందో ఈ డాక్టరు గారు చూస్తారు. తలలో ఉన్నది మాటగా ఎలా బయటికొస్తుందో ఈ భాషాయన చూస్తారు. అదే పని మిషనుతో చేయించవచ్చా అని ఈ కంప్యూటర్ అమ్మాయి చూస్తుంది. మనుషులు నలుగురిలో ఉన్నప్పుడు ఎలా ఆలోచిస్తారో ఆ మూలనున్న పెద్దమనిషి చూస్తారు. ఎక్కడికెళ్ళినా ఒక మూల కూర్చుని చూడటమే ఆయన పని."

"మరి ఆ గడ్డం ఆయన?"

"తత్వశాస్త్రం. అసలు 'తెలుసుకోవడం' అంటే ఏమిటి అని అడుగుతారు."

"అడిగి?"

"మళ్ళీ అడుగుతారు."

బట్ట ఒకరు నేస్తారు, ఒకరు కోస్తారు, ఒకరు కుడతారు, ఒకరు ఇస్త్రీ చేస్తారు, కోటు మాత్రం ఒక్కటే కదా, ఇదీ అలాంటిదే అయ్యుంటుందని మాస్టారు సర్దుకున్నాడు. తేడా ఏమిటంటే, ఇక్కడ అందరూ కత్తెర పట్టుకునేవాళ్ళే కనిపించారు.

ఎప్పుడూ ఎదుటివాళ్ళని కొలిచే మనిషి ఆ రోజు నుంచి తనే కొలతలకి నిలబడ్డాడు. డాక్టరు ఆయన తలకి జిగురు రాసి, ఈతటోపీ లాంటిది తొడిగి, దానికి బోలెడు వైర్లు తగిలించాడు. మేడమ్ మాటల వరసలు చదివి అప్పజెప్పమంది. భాషాయన ఆయన్ని మాట్లాడించి రికార్డు చేసుకున్నాడు. భార్యని అక్క పేరుతో పిలిచిన సంగతి వినగానే లాటరీ తగిలినట్టు ఎగిరాడు.

"పక్కింటావిడ పేరుతో పిలవలేదు కదా?"

"పిలిస్తే మీ ముందు ఇలా కూర్చునేవాణ్ణి కాదు సార్."

"అదీ! ఇంటివాళ్ళ పేర్లన్నీ ఒకే సొరుగులో ఉంటాయి. తొందరలో చెయ్యి పెడితే పక్కది చేతికొస్తుంది" అని ఆయన మురిసిపోయాడు. తన బాధ ఎదుటివాడికి సంబరంగా ఉంటే ఎలా ఉంటుందో మాస్టారికి అప్పుడు తెలిసింది.

కంప్యూటర్ అమ్మాయి మాస్టారు పూర్వం కోసిన కోట్ల కొలతలన్నీ మిషనుకి నేర్పుతోంది. "ఇంకొన్నాళ్ళకి ఇది అచ్చం మీలాగే కోస్తుంది అంకుల్" అంది. "మా బామ్మర్దికి చెప్పకమ్మా, వాడి ఆశ చచ్చిపోతుంది" అన్నాడు. గడ్డం ఆయన మాత్రం ఒకే ప్రశ్న వేశాడు. "ఒక కోటుకి ఈ ఏడు లైనింగ్ మార్చి, వచ్చే ఏడు కాలరు మార్చి, తర్వాత చేతులు మార్చితే, అది అదే కోటా?" మాస్టారికి చెమట పట్టింది. ఇది కోటు గురించి కాదనీ తన గురించేననీ, తనలో ఒక్కొక్కటే ఊడిపోతోందని ఈయన సున్నితంగా చెబుతున్నాడనీ అనుకున్నాడు. పాపం గడ్డం ఆయన నిజంగా కోటు గురించే అడిగాడు.

ఇంతకీ పరీక్షలన్నీ అయ్యాక అసలు మాట ఎవరూ చెప్పలేదు. తన మతి పోతోందా, ఉంటుందా? మాస్టారు డాక్టరుని పట్టుకున్నాడు. "నేను చూసేది మెదడు. మనిషితో మాట్లాడేది మేడమ్" అన్నాడు డాక్టరు. మేడమ్‌ని అడిగితే మీటింగుకి పరిగెడుతూ, "డాక్టరు గారు చెప్పలేదూ? ఆయన్నడగండి" అంది. భాషాయన ఆ విషయం తన మాటల్లో చెబితే తప్పుగా అర్థమవుతుందన్నాడు. అమ్మాయి మిషనుకి జ్వరమొచ్చినట్టుందని దాని పనిలో ఉంది. గడ్డం ఆయన్ని అడిగే ధైర్యం మాస్టారికి లేకపోయింది. ఆరుగురు వంటవాళ్ళున్న వంటింట్లో ఉప్పు ఎవరూ వెయ్యనట్టు, ఆరుగురూ ఆ ఒక్క మాటా పక్కవాళ్ళు చెప్పేసుంటారనుకున్నారు.

డాక్టర్లు చెప్పకుండా దాటేస్తున్నారంటే అర్థం ఏమిటో లోకమంతా ఎరిగిందే. ఆపైన ఒకరోజు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుంటుంటే లోపల మేడమ్ గొంతు స్పష్టంగా వినిపించింది. "ఎంత వెతికినా ఇలాంటి మనిషి దొరకలేదు. ఈయన్ని మాత్రం పోగొట్టుకోకూడదు."  డాక్టర్లు కూడా ఎప్పుడూ చూడని జబ్బన్నమాట. ఆయన విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని వెనక్కి తిరిగాడు. పైగా కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడుక్కున్నాడు. అది గమనించాక ఇక అనుమానమే లేకపోయింది.

ఇక్కడ షాపులో ఇంకో గొడవ నడుస్తోంది. మూల కూర్చుని చూసే పెద్దమనిషి మాస్టారిని పనిలో చూడాలని వారం పొడుగునా షాపుకి వస్తున్నాడు. వచ్చి ఊరికే కూర్చుంటే బాగుండేది. పోయి పోయి పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దాయన పోయాక దాని మీద దుమ్ము తప్ప ఎవరూ కూర్చోలేదు. ఈ పెద్దమనిషి కళ్ళు టేబుల్ మీదా, గోడల మీదా, పైకప్పు మీదా తిరగడం ఒకరోజు క్యారియర్ తెచ్చినప్పుడు చూసి మాస్టారి భార్య ఒక నిర్ణయానికి వచ్చేసింది. షాపు కొనడానికి వచ్చాడు! కర్టెన్లు కొలిచొచ్చిన మొగుడి జుట్టుకి జిగురెందుకు అంటుకుంటోందో మాత్రం ఆవిడకి అంతుపట్టలేదు. అందుకే ఒక మధ్యాహ్నం తేల్చుకుందామని షాపుకే బయలుదేరింది.

ఆవిడ వచ్చేసరికి టేబుల్ మీద మేడమ్ కోటు బట్ట పరిచి ఉంది. మాస్టారు గీతలు గీసేశాడు. కత్తెర చేతిలో ఉంది. పక్కన బావమరిది, మూల స్టూలు మీద పెద్దమనిషి, గుమ్మంలో భార్య. కత్తెర నోరు తెరిచి బట్ట అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆగింది.

మూడోది పాడుచేసి దిగడం కంటే ముందే దిగిపోతే మర్యాద అనిపించింది మాస్టారికి. కత్తెర మూసి, పిడి బావమరిది వైపు తిప్పి పట్టుకున్నాడు.

"తీసుకోరా."

ఏడాదిగా ఈ క్షణం కోసమే నిలబడ్డ బావమరిది చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"ఇంకొకటి ఉంది కదా బావా," అన్నాడు నీళ్ళు నములుతూ.

"లేదురా. నా బుర్ర పాడైపోయింది. ఎదుటి మేడలో ఆరుగురు చూశారు, ఆరుగురూ మొహం చాటేశారు."

"అయితే షాపు అమ్మేస్తున్నది అందుకా?" అంది భార్య గుమ్మంలోంచే. గొంతులో కోపం ఉంది, కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకొక్క మాట చెప్పలేకపోయారా? పాలు సంచీలో పెట్టిననాడు నేను నవ్వాను కూడాను!"

"షాపు అమ్మడమేమిటి?" అన్నాడు మాస్టారు.

అందరూ స్టూలు వైపు తిరిగారు. చూడటమే తప్ప మాట్లాడని పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "అయ్యో, మీకు ఎవరూ చెప్పలేదా? భాషాయన చెప్పారనుకున్నానే!" అని, ఉన్నపళంగా వీధికి అడ్డం పడి పరిగెత్తాడు. కాసేపటికి మిగతా ఐదుగురినీ తోలుకొచ్చాడు. ముగ్గురు పట్టే షాపులో తొమ్మిదిమంది ఇరుక్కున్నారు. గడ్డం ఆయన చోటు చాలక ఇస్త్రీ బల్ల మీది వేడి పెట్టెకి ఆనుకుని ఒక్కసారి ఎగిరి పక్కకి జరిగాడు.

"మాస్టారూ," అంది మేడమ్ రొప్పుతూ. "తప్పు మాదే. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళలో తేడా ఎంతుందో తెలియాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి ఏ జబ్బూ లేని మనిషి ఒకరు కావాలి. మీరు ఆ మనిషి. మీ వయసులో ఇంత శుభ్రమైన జ్ఞాపకశక్తి మాకు ఎక్కడా దొరకలేదు."

"ఇలాంటి మనిషి దొరకడన్నది..."

"ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషి దొరకడని!"

మాస్టారు టేబుల్ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం వెంటనే చిన్నబుచ్చుకుంది కూడా. "అంటే నాలో చూడ్డానికి ఏమీ లేదన్నమాట. ఇన్నాళ్ళూ నన్ను గజం బద్దలా వాడుకున్నారు!" అన్నాడు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది మీ వరస" అని భార్య కళ్ళు తుడుచుకుంటూ మొట్టికాయ వేసింది.

"మరి రెండు ఎడమ చేతులు కోసింది ఎవరండీ?" అన్నాడు బావమరిది. వాడికి ఆ లెక్క ఇంకా తేలలేదు.

ఈసారి ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలలో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. మాటలోనూ లేదన్నాడు భాషాయన. "నా మిషనుకి అంకుల్ కటింగంతా నేర్పాను. అది ఒక్కసారి కూడా రెండు ఎడమ చేతులు కోయలేదు" అంది అమ్మాయి. "అయితే ఆ తప్పు ఎక్కడున్నట్టు? ఈయన తలలోనా, తల బయటా?" అన్నాడు గడ్డం ఆయన. మొదటిసారి ఆయన ప్రశ్న విని అందరూ ఆగారు.

మూల కూర్చునే పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "నేను వారం రోజులుగా చూస్తున్నాను. ఈ అబ్బాయి లోపలికో బయటికో వెళ్ళినప్పుడు మాస్టారి చెయ్యి నీళ్ళలా సాగిపోతోంది. వచ్చి పక్కన నిలబడగానే వణుకుతోంది. ఆ మిషను పక్కన బామ్మర్ది లేడు."

"అంతే!" అంది మేడమ్. "చేతికొచ్చిన పనిని చేతికి వదిలెయ్యాలి. ఎవరో తప్పులు లెక్కపెడుతున్నారని తెలిస్తే, మనసు పని మానేసి ఆ లెక్క చూస్తూ కూర్చుంటుంది. పాలూ కత్తెరా కూడా ఆ ధ్యాసలోనే తారుమారయ్యాయి. ఎంత మొనగాడైనా అంతే. మొనగాడైతే ఇంకా ఎక్కువ."

బావమరిది తల దించుకున్నాడు. "నువ్వు తప్పు చెయ్యాలని నిలబడలేదు బావా. కత్తెర నాకొస్తే ఎలా కొయ్యాలో నేర్చుకుందామని..." అని గొణిగాడు. ఆ నిమిషాన అందరూ నవ్వారు. మాస్టారి భార్య తమ్ముడి నెత్తిన కూడా ఒకటి మొట్టింది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన చూపు ఖాళీ అయిన మూల స్టూలు మీద పడింది.

"మరి మామయ్యో?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు, అక్కాతమ్ముళ్ళకి తప్ప.

"ఆ ఏడాది మామయ్య పక్కన నిలబడింది నేనే. ఇదిగో, వీడు నిలబడ్డ చోటే. 'ఇంకొక్కటే మామయ్యా' అని నేనే అన్నాను. నవ్వులాటకి అన్నాను." చేతిలోని కత్తెర టేబుల్ మీద పెట్టేశాడు. "ఆయన చెయ్యి పాడవలేదు. నేనే పాడుచేశాను."

మేడమ్ ఏదో చెప్పబోయింది. గడ్డం ఆయన ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు. అన్ని రోజుల్లో ఆయన ప్రశ్న వెయ్యకుండా ఊరుకున్నది అప్పుడే. మాస్టారి భార్య వెళ్ళి ఆ స్టూలు మీద చెయ్యి వేసింది. ఆవిడకి తండ్రి గుర్తొచ్చాడు, కాజాలు కుడుతూ కుడుతూ ఒక్కోసారి చెయ్యి గాల్లో కత్తెరలా ఆడించే తండ్రి. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న మనిషి మొహం చూశాక అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఆయనకి ఇప్పుడు చెప్పలేం కదా," అంది చివరికి. "ఉన్నవాడికి చెప్పండి."

మాస్టారు కత్తెర మళ్ళీ తీసుకున్నాడు. పిడి బావమరిది వైపు తిప్పాడు.

"ఈ కోటు నువ్వు కొయ్యి."

"మూడోది అవుతుందేమో బావా!"

"లెక్క లేదు. రూలు లేదు. కొయ్యి."

బావమరిది కత్తెర పట్టుకున్నాడు. మాస్టారు టేబుల్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పట్టుమని పది క్షణాలైనా కాలేదు, మెడ దానంతటదే గీత మీదకి వంగింది.

"బావా," అన్నాడు బావమరిది.

మాస్టారికి అర్థమైంది. మూల స్టూలు తెచ్చి వీధి వైపు వేసుకుని, టేబుల్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆరు శాస్త్రాలవాళ్ళని కూడా వరసగా అటు తిప్పించాడు. వెనకనుంచి బట్టలోకి కత్తెర దిగిన చప్పుడు వినిపించింది. ఒకచోట కాస్త ఆగింది. మాస్టారి వీపు మొత్తం అటు తిరిగిపోదామని గింజుకుంది. ఆయన రెండు చేతులతో స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ బతుకులో అంత కష్టమైన పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

కత్తెర మళ్ళీ కదిలింది.